కూర్చునే ఎత్తు

ఇంట్లో నేను 'డాడీ' అనే పిలుస్తాను. తెలుగులో రాస్తున్నా కాబట్టి ఇక్కడ నాన్న అంటాను.

నాన్నకి సూర్యాపేటలో ఒక టాటా ఏస్ ఉంది. వారమంతా కూరగాయలు, సిమెంటు, పెళ్ళి సామాన్లు, ఏ కిరాయి దొరికితే అది. శనివారం రాత్రి మాత్రం గాలాలు పట్టుకుని పాలేరు రిజర్వాయర్‌కి వెళ్ళేవారు. ఖమ్మం రోడ్డు మీద 40 కిలోమీటర్ల లోపే. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చి చేరే చోటు అది. సొసైటీ వాళ్ళని అడిగి, వాళ్ళ వలలకి దూరంగా కూర్చుని, రాత్రంతా గాలం వేసి, 4 గంటలకి బండి తీసి ఆదివారం మార్కెట్ లోడుకి అందుకునేవారు. ఈ లెక్కలో నిద్ర ఎక్కడా లేదు.

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం, తిరిగొస్తుంటే కన్ను మూతపడి బండి రోడ్డు దిగి మట్టికట్టకి గుద్దుకుంది. బంపర్ పోయింది, నాన్న ముందు పన్ను ఒకటి పోయింది. అంతకంటే ఏం కాలేదు. అమ్మ ఏడవలేదు, అరవలేదు. గాలాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టేసింది.

తర్వాత నాన్న శనివారం రాత్రుళ్ళు టీవీ ముందు కూర్చుని ఊరికే ఛానెళ్ళు మార్చేవారట. నేను హాస్టల్‌లో ఉన్నా కదా, అమ్మే ఫోన్ చేసి చెప్పింది. "తీసైతే పెట్టిన గనీ, ఆయన్ని చూడబుద్ధయితలేదురా" అంది.

అప్పట్లో నేను యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు చూస్తుండేవాణ్ణి. సామాన్లు మోసే డబ్బా ట్రైలర్‌లో మంచం, అరలు, ఫ్యాన్ పెట్టుకుని చేపలు పట్టడానికి వెళ్ళిపోతుంటారు. మనకి ట్రైలర్ లేదు, ఏస్ ఉంది. నాన్న అక్కడే పడుకుని లేచి, తెల్లారాక రావచ్చు కదా అనిపించింది. అమ్మకి చెప్తే, "పండుకోని వస్తనంటేనే" అని ఒక్కటే కండిషన్ పెట్టింది.

వేసవి సెలవుల్లో పని మొదలుపెట్టా. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. పైగా ఇది అన్నం పెట్టే బండి, సోమవారం పొద్దునకల్లా మళ్ళీ ఖాళీగా ఉండాలి. అందుకని బాడీకి వెల్డింగ్ పెట్టలేదు, ఒక్క రంధ్రం కూడా వెయ్యలేదు. అంగుళం స్క్వేర్ పైపుతో మడత ఫ్రేమ్. వెళ్ళేటప్పుడు మడిచి పడుకోబెట్టి తాళ్ళతో కట్టాలి, అక్కడికెళ్ళాక నిలబెట్టి క్లాంపులు బిగించాలి. పైన టార్పాలిన్, రెండు చివరలా దోమతెర. బండి కదిలేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు, లోపల స్టవ్ వెలిగించకూడదు. ఈ రెండు రూల్స్ నావి.

ఏస్ వెనక భాగం 7 అడుగుల పైన రెండు మూడంగుళాలు పొడవు, 5 అడుగులకి ఒక అంగుళం తక్కువ వెడల్పు. 8 బై 4 ప్లైవుడ్ షీట్ తెచ్చి ఒక అడుగు కోసేస్తే పరుపు కింద చెక్క తయారు. ఆ కోసిన ముక్క అర అయింది. వీడియోల్లో చూసినట్టే కింద సామాన్లు పెట్టుకోడానికి మంచం ఎత్తు 18 అంగుళాలు పెట్టా. లాప్‌టాప్‌లో డ్రాయింగ్ చాలా బాగా వచ్చింది.

బిగించిన రోజు నాన్న లోపలికెక్కి పడుకున్నారు. బాగుందన్నారు. లేచి కూర్చోబోతే తల ఠంగుమని పైన పైపుకి తగిలింది. నవ్వారు. "పండుకున్నోణ్ణి కొలిచినవ్ గనీ, కూసున్నోణ్ణి కొలువలేదు బిడ్డా" అన్నారు.

లెక్క చూసుకుంటే నిజమే. ఫ్రేమ్ ఎత్తు 48 అంగుళాలు. మంచానికి 18, పరుపుకి 2 పోతే మిగిలింది 28. కూర్చున్న మనిషికి దాదాపు 3 అడుగులు కావాలి. ఆ అమెరికా ట్రైలర్లలో మనిషి నిలబడొచ్చు. నేను వాళ్ళ మంచం కాపీ కొట్టా, వాళ్ళ పైకప్పు మన దగ్గర లేదని చూసుకోలేదు. కాళ్ళు కోయించి మంచాన్ని 6 అంగుళాలకి దించాం. 40 మిగిలింది.

జూన్‌లో ఒక శనివారం నేనూ వెళ్ళా. వానపాముని గాలానికి ఎలా గుచ్చాలో, బెండు కదిలితే ఎప్పుడు లాగాలో నాన్న చూపించారు. నాకు ఒక్కటీ పడలేదు. ఆయనకి ఒక బంగారుతీగ పడింది. 2 గంటలకి ఆయన బెండు మళ్ళీ కొంచెం కదిలింది. నాన్న దానివైపు కాసేపు చూసి, దారం చుట్టేశారు. "మళ్ళొస్తం గద" అన్నారు.

లోపలికెక్కాక వెంటనే పడుకోలేదు. కాళ్ళు చాపి కూర్చుని, కాసేపు చీకట్లో నీళ్ళ వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆ దినం నిద్రొస్తుందని నాకు ఎరుకే. లోడు పోతదని బండి తీసిన."

నాకేం అనాలో తెలియలేదు. ఈ మాట అమ్మకి చెప్పారో లేదో కూడా అడగలేదు. ఆయన ఒరిగిన రెండు నిమిషాలకే గురక మొదలైంది.

5 గంటలకి అమ్మ ఫోన్ చేసింది. నాన్న లేవకుండా కిందికి దిగి మాట్లాడా.

"పండుకున్నడా?"

"పండుకున్నడమ్మా, ఇంకా లేవలే."

"లేపకు" అని పెట్టేసింది.

ఇప్పుడు ఫ్రేమ్ మా డాబా మీద ఉంటుంది, శనివారం సాయంత్రం కిందికి దిగుతుంది. ఆదివారం లోడు 9 తర్వాతే ఎత్తుతానని నాన్న మార్కెట్‌లో చెప్పేశారు. అందువల్ల ఒక కిరాయి వేరేవాళ్ళకి పోయింది. గాలాలు మాత్రం అటక దిగాయి.