నెలాఖరు వంట

ఇరవయ్యో తారీకు దాటిందంటే మా ఇంట్లో పచ్చిపులుసు రోజులు మొదలు. నిమ్మకాయంత చింతపండు, కాల్చిన ఎండుమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు బెల్లం. పొయ్యి వెలిగించేది మిర్చి కాల్చడానికి, పోపుకి మాత్రమే కాబట్టి గ్యాసూ మిగులుతుంది. పక్కన రెండు అప్పడాలు వేయిస్తే పిల్లలు కూర ఏదని అడగరు.

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నానికి బెంగ లేదు. బెంగంతా అందులో కలుపుకునే దాని గురించే: పప్పు, నూనె, పాలు. కందిపప్పులో గుప్పెడు తగ్గించి సొరకాయ ముక్కలు పెంచుతాను. గుడ్ల పులుసులో ఉల్లిపాయలదే పెత్తనం. పాల జోలికి మాత్రం వెళ్లను, చిన్నదానికి పొద్దున్నే గ్లాసు పడాల్సిందే.

యూట్యూబ్‌లో ‘తక్కువ ఖర్చు వంటలు’ అని పెట్టి అందులో పనీరు, జీడిపప్పు వేసేవాళ్లు ఏ నెలాఖరు చూశారో!

జీతం పడగానే చికెన్ తెస్తానని మా ఆయన పిల్లలకి మాటిచ్చేశారు. ముందు కిరాణా కొట్టు ఖాతా కట్టాలని ఆయనకి ఇవాళే చెప్పాలి.