పారబోసిన నీళ్ళు

నేను కోడలిగా వచ్చేనాటికి మా ఇంటి పెరట్లో బావి ఉండేది. తరవాత బోరు వేయించుకున్నాం. బావి మీద సిమెంటు పలక మూసి, పూలకుండీలు పెట్టాం. 2003లో ప్రతి ఇంటికీ వాననీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటు ఉండి తీరాలని తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. మేమూ గుంట తవ్వించాం. ఆపైన దాని మూత తీసి చూసిన పాపాన పోలేదు.

2015 డిసెంబరులో వరదలో మునిగిన ఈ చెన్నపట్నమే 2019 వేసవికి నోరెండిపోయింది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. మా బోరు గాలి తప్ప నీరు పోయడం మానేసింది. లారీ నీళ్ళు కొనుక్కుని సంపు నింపుకునేవాళ్ళం.

ఒకరోజు పనిమనిషి ఆలస్యంగా వచ్చింది. నేను విసుక్కున్నాను. "తెల్లారుజామున మూడింటికే బిందెలు వరసలో పెట్టానమ్మా. లారీ ఇప్పుడే వచ్చింది" అంది. అంటూనే సింకు వైపు చూసింది. మంచినీళ్ళ ఫిల్టరు గొట్టంలోంచి నీళ్ళు ధారగా పోతున్నాయి.

"అమ్మా, ఈ నీళ్ళు నేను పట్టుకెళ్ళనా? బట్టలకైనా పనికొస్తాయి."

నాకు జవాబు రాలేదు. ఆ ఫిల్టరు ఒక బిందె మంచినీళ్ళిస్తే, రెండు మూడు బిందెలు బయటికి వదులుతుంది. ఎన్నేళ్ళుగా అలా పారబోశానో!

మర్నాటి నుంచి గొట్టం కింద బిందె పెట్టాను. మొదటి రెండు బిందెలు ఆమెకి, మిగిలినవి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి. ఏసీ నుంచి కారే నీళ్ళకి ఒక బకెట్టు, బియ్యం కడిగిన నీళ్ళకి ఒక గిన్నె. ఇవేవీ తాగడానికి, వంటకి వాడేవి కావు. ఫిల్టరు వదిలే నీళ్ళలో ఉప్పు ఎక్కువ. తెలియక రోజూ పోస్తే మా కరివేపాకు మొక్క మాడిపోయింది. దానికి బియ్యం కడుగు, ఏసీ నీళ్ళే మేలు.

చివరికి మావారు మనుషుల్ని పెట్టి గుంట మూత తీయించారు. లోపల గుంటేదీ? అంతా బురద! దాన్ని శుభ్రం చేయించి, బావినీ తెరిపించి పూడిక తీయించాం. మేడ మీద పడిన వాన ముందు ఇసుక, కంకరల్లో వడకట్టుకుని బావిలో దిగేలా గొట్టం వేయించాం. దోమలు చేరకుండా పైన వల కట్టాం. ఆ కార్తీకంలో బావిలో మళ్ళీ నీరు కనబడ్డ రోజున మా అత్తగారు పసుపు కుంకుమ తెచ్చి గట్టు మీద పెట్టారు. ఆవిడ ఏమీ అనలేదు గానీ, బావి మూసిన రోజున కూడా ఆవిడ ఏమీ అనలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మీ ఇంట్లోనూ అలాంటి గుంట ఉండే ఉంటుంది. ఆశ్వయుజం వానలు రాకముందే ఒక్కసారి మూత తీసి చూడండి.