బొడ్డుతాడు పాతిన చోటు

ఎండి రాలిన బొడ్డుతాడు వేలెడంత కూడా ఉండదు. అమెరికా ఆదివాసులైన నవాహోల ఇళ్లలో దాన్ని గొర్రెల దొడ్డి పక్కన పాతిపెడతారు, బిడ్డ మనసు మందనూ ఇంటినీ వదలకూడదని. ఆ మట్టికి ఏ లెక్కలో ఖరీదు కట్టాలి? 1974 నాటి అమెరికా చట్టంతో అరిజోనాలో నవాహోల, వాళ్ల పొరుగు తెగ హోపీల ఉమ్మడి నేలను పంచి కంచె వేశారు. పదివేలకు పైగా నవాహోలు కదలాల్సి వచ్చింది. హోపీలకూ ఆ నేలపై హక్కుంది కదా అంటారు. ఉంది, కాదనలేం. కొత్త ఇళ్లు కట్టించారు కదా అనీ అంటారు. కట్టించారు, కొన్ని కుటుంబాలనైతే ప్యూర్కో వాగు పక్కన దింపారు, 1979లో యురేనియం మురుగు పారిన వాగు అది. నీళ్లు తేటగా ఉంటే మాత్రం సరిపోయేదా? పరిహారం గదులను లెక్కపెట్టింది, దొడ్డిని కాదు. 1864లో అమెరికా సైనికులు ఈ నవాహోల పూర్వీకులను బోస్క్ రెడొండో నిర్బంధ శిబిరానికి నడిపించారు. నాలుగేళ్లకైనా తిరిగి రావడానికి వాళ్లకు నేల మిగిలింది. ఈసారి దొడ్డి కంచెకు అవతలే ఉండిపోయింది, పక్కన ఆ పిడికెడు మట్టితో.