తామర

తెలుగున "తామర" యను పదమునకు రెండర్థములు కలవు. ఒకటి కొలనులో వికసించు పద్మము. రెండవది చర్మముపై వలయముగా వ్యాపించు రోగము. ఈ నానార్థమును నేను పెక్కేండ్లు విద్యార్థులకు బోధించితిని. కాని రెండవ యర్థమును నాకు బోధించినవాడు నా విద్యార్థియే.

అది 2014వ సంవత్సరపు వర్షాకాలము. నేను అప్పుడు హబ్సిగూడలోని యొక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో నానార్థములు చెప్పుచు, "తామర యనగా నేమి?" అని యడిగితిని. ముందు బల్లమీది బాలుడు "పద్మము" అనెను. వెనుకనుండి మరియొకడు, "ఇంకొక తామర వీని మెడమీద ఉన్నది సారూ!" అని ప్రక్కవానిని చూపెను. తరగతి యెల్ల గొల్లున నవ్వెను. వాని చమత్కారమునకు నేనును నవ్వితిని. ఆ పిల్లవాడు చొక్కా మెడపట్టీని పైకి లాగుకొని తల వంచుకొనెను. మరునాటినుండి వాని బల్లపై ఎవ్వరును కూర్చుండలేదు.

నా నవ్వు నన్నే బాధించెను. దానిని సరిదిద్దుకొనవలెనని మందుల దుకాణమునకు పోయి, అడిగినంతనే ఇచ్చిన లేపనమొకటి కొని వానికిచ్చితిని. నాలుగు దినములలో ఎరుపు తగ్గెను, దురద శాంతించెను. నేను వైద్యుడనైనట్లే మురిసితిని. కాని మూడు వారములు గడచునప్పటికి ఆ వలయము మెడ దాటి వీపునకును, చేతులకును ప్రాకెను. అంతట వానిని, వాని తల్లిని వెంటబెట్టుకొని ఒక చర్మవైద్యురాలి కడకు పోతిని.

ఆమె మచ్చ అంచును మెల్లగా గీకి, రాలిన పొట్టును గాజుపలకపై నుంచి, పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణమును ఒక బొట్టు వేసెను. ఆ ద్రావణము చర్మకణములను కరగించును; శిలీంధ్రమును కరగింపజాలదు. కొంతసేపటికి సూక్ష్మదర్శినిలో చూడుమని పిల్లవానిని పిలిచెను. కొమ్మలు చీలిన సన్నని దారములు వానికి కనబడెను.

"ఇవి నా మీద కాపురమున్నవా?" అని వాడు ఆశ్చర్యముతో నడిగెను.

"అవును బాబూ, అద్దె కూడ కట్టకుండ!" అని ఆమె నవ్వెను. ఆ నవ్వునకు వాడును నవ్వెను. నా తరగతిలోని నవ్వునకును, ఈ నవ్వునకును గల భేదము నాకు అప్పుడు తెలిసినది.

తరువాత ఆమె నా లేపనమును చూచి, "ఇందులో స్టెరాయిడు ఉన్నదండీ. అది శరీరము చేయు పోరాటమును అణచును. ఎరుపు, దురద తగ్గును గాని శిలీంధ్రము బలియును. కావలివానిని నిద్రపుచ్చి, దొంగ పోయినాడని సంతోషించినట్లయినది" అనెను. నేను సమాధానము చెప్పలేకపోతిని.

శిలీంధ్రమను మాట మనకు క్రొత్తది కాదు. ఉరుము విని భూమి శిలీంధ్రములను మొలిపించునని కాళిదాసు మేఘసందేశమున వర్ణించెను. ఆ పుట్టగొడుగును, ఊరగాయపై బూజును, రొట్టెను పొంగించు ఈస్టును, తామరయును ఒకే కులమునకు చెందినవి. పూర్వము వీనిని మొక్కలలో చేర్చిరి. కాని వీనికి పత్రహరితము లేదు. తమ యాహారమును తాము వండుకొనజాలవు. రొయ్యపెంకులోనుండు కైటినే వీని కణముల గోడలలోను కలదు. 1969లో విట్టేకర్ అను శాస్త్రజ్ఞుడు జీవరాశిని ఐదు రాజ్యములుగా విభజించి, వీనికి ప్రత్యేక రాజ్యము నొసగెను. ఇవి ఆహారముపైకి రసములను విడిచి, వెలుపలనే జీర్ణము చేసి పీల్చుకొనును. తామర శిలీంధ్రము మన చర్మము, గోళ్లు, వెండ్రుకలలోని కెరాటినును తినుచు అంచులకు వ్యాపించును; నడుమ కొంత మానును. కావుననే అది వలయముగా కనబడును.

శిలీంధ్రములన్నియు శత్రువులు కావు. రాలిన యాకులను మన్నుగా మార్చునవి ఇవియే. 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొన్నది ఒక బూజునందే. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో గొప్ప ఔషధ పరిశోధనలు నడపిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేర 1953లో ఒక శిలీంధ్రజాతికి "సుబ్బారోమైసెస్" అని నామకరణము చేసిరి. గ్రీకున "మైకీస్" అనగా శిలీంధ్రము. ఆ పేరు మనకు గర్వకారణము. మన దేశమున ప్రబలి, సాధారణ ఔషధమునకు తరచు లొంగని తామర శిలీంధ్రమునకు 2020లో "ట్రైకోఫైటాన్ ఇండోటినియే" అని పేరిడిరి. ఈ పేరు మనకు హెచ్చరిక. నేనిచ్చినట్టి లేపనముల దుర్వినియోగము దీని వ్యాప్తికి తోడ్పడినదని వైద్యులనేకులు తలంచుచున్నారు.

2021లో కరోనా రెండవ విజృంభణమున మ్యూకర్‌మైకోసిస్ అను వ్యాధి వచ్చినప్పుడు, హైదరాబాదులోని కోఠి చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి రోగులతో నిండెను. దాని బీజములు గాలిలోను, మట్టిలోను నిత్యము ఉన్నవే. మధుమేహము అదుపు తప్పినవారిని, స్టెరాయిడులు అధికముగా వాడినవారిని అది ముక్కునుండి కంటికి, మెదడునకు ప్రాకి పీడించెను. అది ఒకరినుండి మరియొకరికి అంటదు. దానిని "నల్ల ఫంగస్" అనిరి గాని, నలుపు అది చంపిన కణజాలముదే. మన ఇంటి ప్రక్కనే, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమున కాండిడా అను మరియొక శిలీంధ్రము మన దేహమున ఎట్లు బ్రతుకుచున్నదో పరిశోధించుచున్నారు.

ఇక నా విద్యార్థి మాట. వైద్యురాలి ఆజ్ఞ ప్రకారము వాడు మచ్చలు మాసిన పిదపను మందు మానక వాడెను. తువాలు వేరుగా నుంచుకొని, బట్టలను ఎండలో ఆరవేసెను. ఆ దినములలో ఒకనాడు నేను తరగతికి పోయి, "ఆనాడు నేను నవ్వుట తప్పు, తెలియని మందిచ్చుట అంతకంటె తప్పు" అని అందరి యెదుట చెప్పి, వాని ప్రక్కన బల్లపై కూర్చుంటిని. కొంతసేపటికి, ఆనాడు వానిని వ్రేలితో చూపిన బాలుడే లేచివచ్చి, "కొంచెము జరుగుడు సారూ" అని మా నడుమ కూర్చుండెను.

బాలబాలికలారా! తామర సోకినవారి తువాలును మనము వాడరాదు. వారి స్నేహమును మాత్రము విడువరాదు.