తీర్మానాల పుస్తకంలో యువత సంతకాలు ఏవి?

గ్రామసభ హాజరు పుస్తకం తిరగేస్తే ఆ ఊరి రాజకీయం సగం అర్థమవుతుంది. కృష్ణా డెల్టాలో నేను చూడబోయిన పంచాయతీలో కార్యదర్శి తీసి చూపించిన పుస్తకం నిండా పొదుపు సంఘాల మహిళల సంతకాలు, మధ్య మధ్య ఉపాధి హామీ కూలీల వేలిముద్రలు, పింఛను మాట అడగడానికొచ్చిన పెద్దల పేర్లు ఉన్నాయి. పాతికేళ్లలోపు వాళ్ల సంతకాలు వెతికితే గాని కనపడవు. దాన్నిబట్టి కుర్రకారుకు ఊరి గొడవ పట్టదని తీర్మానించేస్తే పొరపాటే. ఆ ఊరి కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపు చూశాను. కుళాయిలో వచ్చిన ఎర్ర నీళ్లు గ్లాసులో పట్టి తీసిన ఫొటో, ఆరిపోయిన వీధి దీపం స్తంభం నంబరు, చెరువు గట్టు మీద చెత్త పోస్తున్న ట్రాక్టరు వీడియో అందులో ఉన్నాయి. ఊరి సమస్యల జాబితా తీర్మానాల పుస్తకంలో కన్నా ఆ గ్రూపులోనే పూర్తిగా ఉంది. మాట ఉంది, ఆధారమూ ఉంది. ఆ మాట పంచాయతీ దాకా వెళ్లి, అవుననో కాదనో జవాబు పట్టుకొచ్చే దారే లేదు. ఆన్‌లైన్ పరికరాలతో యువతను స్థానిక పాలనలోకి తేవాలనే వాళ్లు ముందు చూడవలసింది ఈ దారినే అని నా అభిప్రాయం.

రాజ్యాంగం 243వ అధికరణ ప్రకారం పంచాయతీ పరిధిలో ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ ఎన్నుకోనక్కర్లేదు, నామినేట్ చేయనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి ఓటరు జాబితాలో పేరెక్కితే చాలు. సర్పంచి పదవికాలం అయిదేళ్లు, ఈ సభ్యత్వం మాత్రం ఆ ఊళ్లో ఓటున్నంత కాలం ఉంటుంది. అక్కడ డిగ్రీ చదివే పిల్లలతో ఈ సంగతి అంటే, తమకలాంటి పదవి ఉందని ఎవరూ చెప్పలేదన్నారు. వాళ్లకు తెలిసిన ప్రభుత్వం అర్జీలు తీసుకునే ప్రభుత్వం. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ వాళ్లందరికీ తెలుసు. ధ్రువపత్రాలకూ బిల్లులకూ ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ తగ్గించింది కాబట్టి అది నిజంగా మంచి పనే. అయితే అది పౌరుణ్ణి దరఖాస్తుదారుగా చూస్తుంది. గ్రామసభ అతణ్ణి నిర్ణయం చేసేవాడిగా చూస్తుంది. మొదటిదానికి ఫోనులో రాజమార్గం వేశాం, రెండోదానికి కాలిబాట కూడా వేయలేదు.

పరికరాలు లేక కాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్‌లో తెచ్చిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఏ పంచాయతీ ప్రణాళికైనా, ఖర్చయినా ఎవరైనా చూడవచ్చు. ‘మేరీ పంచాయత్’ యాప్‌లో పనులు ప్రతిపాదించే వీలు కూడా ఉంది. గ్రామ సచివాలయం మెట్ల మీద కూర్చుని ఒక బీఎస్సీ విద్యార్థిని తన పంచాయతీ పేజీ తెరిచింది. సైడు కాలువ పూడికతీత, దాని ఎదురుగా చెల్లించిన మొత్తం. ఆ కాలువ వాళ్ల ఇంటి ముందుదే. అయిదు నిమిషాల్లో నలుగురు ఆమె చుట్టూ చేరారు. పూడిక ఎంత దూరం తీశారు, వానలకు మళ్లీ నిండిందా, అసలు తీయనేలేదా అని వాదన మొదలైంది. కార్యదర్శి లోపలి నుంచి కొలతల పుస్తకం తెచ్చి చూపించాడు. తీసింది కాలువ పైభాగమే, కిందిది వచ్చే ఏడాది పనుల్లో ఉంది. అనుమానం తీరింది, అంతకన్నా మంచి ప్రశ్న పుట్టింది: కింది భాగం ముందు తీయకుండా పైది తీస్తే నీళ్లెటు పోతాయి? ఏ అవగాహన సదస్సూ ఆ పిల్లల చేత ఆ ప్రశ్న అడిగించలేదు. తమ వీధి లెక్క తమ చేతికి రావడమే అడిగించింది.

ప్రశ్న పుట్టడం ఒక ఎత్తు, దానికి జవాబు చెప్పే బాధ్యత ఒకరి మీద ఉండడం మరొక ఎత్తు. తైవాన్‌లో 2015లో మొదలైన ‘జాయిన్’ వేదిక మీద ఒక ప్రతిపాదనకు 60 రోజుల్లో 5,000 మంది మద్దతు పలికితే సంబంధిత శాఖ రెండు నెలల్లో జవాబివ్వాలి. 2017లో అక్కడ ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పాత్రల మీద వచ్చిన ప్రతిపాదన పెట్టింది ఓటు హక్కు కూడా లేని బడిపిల్ల. 2019లో కొన్ని రకాల సంస్థల్లో ప్లాస్టిక్ స్ట్రాల మీద ఆంక్షలు వచ్చాయి. అదే 2015లో మొదలైన మాడ్రిడ్ నగర వేదిక ‘డిసైడ్ మాడ్రిడ్’ సంగతి వేరు. పదహారేళ్లు దాటిన వాళ్లలో ఒక శాతం మద్దతుంటేనే ఓటింగుకు వెళ్తుందన్నారు. వేల ప్రతిపాదనల్లో ఆ గీత దాటి 2017 ఫిబ్రవరిలో ఓటింగు దాకా వెళ్లినవి రెండే. మిగతావి రాసిన వాళ్లకు మళ్లీ రాయబుద్ధి ఎందుకవుతుంది? రెండు వేదికల సాంకేతికతలో ఉన్న తేడా కన్నా, జవాబు ఎంత దగ్గర్లో ఉందన్న తేడాయే ఎక్కువ.

ఇలా ఆన్‌లైన్‌లో ప్రతిపాదనలు తీసుకుని జవాబివ్వాలనే మాటకు ఊళ్లో విన్న అభ్యంతరాలు తేలిగ్గా తీసేయదగ్గవి కావు. ఫోను ఇంట్లో అన్నదో నాన్నదో అయినప్పుడు ఆన్‌లైన్ అంటే మగపిల్లల గొంతే వినపడుతుందని ఒక పొదుపు సంఘం నాయకురాలు అన్నారు. నిజమే, అందుకే సభ స్థానంలో ఫోను పెట్టకూడదు. సభకు ముందు అజెండా చేర్చడానికీ సభ తర్వాత జవాబు చేర్చడానికీ దాన్ని వాడాలి, తీర్మానం మాత్రం నలుగురి ముందే జరగాలి. ఇంకొక అమ్మాయి చెప్పింది అంతకన్నా గట్టిది: “పేరు పెట్టి రాస్తే సాయంత్రానికల్లా ఇంటి మీదికొస్తారండీ.” కులమూ పార్టీ వర్గాలూ ఇంటి గోడల దాకా ఉన్న ఊళ్లో ఇది ఊహాభయం కాదు. పేరు కార్యదర్శికి మాత్రమే తెలిసి, బయటికి ప్రతిపాదన నంబరు మాత్రమే కనపడేట్టు చేయవచ్చు. కార్యదర్శి నోరు జారడని హామీ ఏమిటని అడిగితే నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నోరు జారితే చర్య ఉంటుందని రాసిపెట్టడం మొదటి మెట్టు. ఇక సర్పంచి అభ్యంతరం నిధుల గురించి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేశారు, పిల్లలడిగే ఆటస్థలానికి ఎక్కడ తేను అన్నాడు. ఆ మాట ఆయన సభలో అనడమే కావలసింది. ఏ డబ్బుకు ఏ షరతుందో తెలిసిన కుర్రాడు మిగిలిన 40 శాతం గురించి ఆలోచిస్తాడు, తెలియనివాడు డబ్బు తినేశారనే అనుకుంటాడు.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ ఓటు ఊళ్లోనే ఉంచుకున్న వాళ్ల సంగతి కూడా ఉంది. వాళ్లు చట్టప్రకారం సభ్యులే కాబట్టి మాట చెప్పనివ్వాలి. ప్రాధాన్యం తేల్చే ఓటు మాత్రం ఆ కాలువ పక్కన బతికే వాళ్లదై ఉండాలంటాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. అంత పెద్ద యంత్రాంగాన్ని ఒక్క రోజున కదిలించగలిగినప్పుడు తేదీల క్రమశిక్షణ అసాధ్యమేమీ కాదు. మరుసటి ఏడాది పంచాయతీ ప్రణాళికల కసరత్తు ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ కసరత్తు ముగిశాక వచ్చిన ఎంత మంచి సూచనైనా ఏడాది ఆగాలి, ఆ సంగతి కుర్రకారుకు చెప్పేవాళ్లే లేరు. కొత్త యాప్ ఒక్కటీ అక్కర్లేదు. సెప్టెంబరు మొదట్లో గత ఏడాది పనుల జాబితా, చేతిలో ఉన్న నిధులు, వాటి షరతులు ఊరి గ్రూపుల్లో తెలుగులో పెట్టాలి. ప్రతిపాదనలకు గడువు చెప్పి, వచ్చిన ప్రతిదానికీ నంబరివ్వాలి. ఆ నంబర్లన్నీ సభలో చదివి, కాదన్న వాటికి కారణం తీర్మానాల పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫొటో తీసి అదే గ్రూపులో పెట్టాలి. సభలో మాట్లాడిన దాన్ని రాతలోకి మార్చే ‘సభాసార్’ 2025 ఆగస్టులో వచ్చింది కనుక రాసే భారం కూడా తగ్గుతుంది. ఇదంతా విని కార్యదర్శి, పై నుంచి ఉత్తర్వు లేకుండా తనెలా మొదలుపెడతానన్నాడు. కాదన్న వాటికి కారణం రాయవద్దని ఏ ఉత్తర్వూ అనలేదు కదా అని ఆ బీఎస్సీ అమ్మాయి అడిగింది. కాలువ కింది భాగాన్ని ముందుకు జరపమనే ప్రతిపాదనను ఆమె అక్కడే తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చింది. దానికి ఒకటో నంబరు వేయించుకుంది.