ఏ తూటా?

కిందటి దీపావళి సభలో భోజనాల దగ్గర మా సంగతి బయటపడింది. "డాక్టర్లయి ఉండి వేటకు వెళ్తారా?" అని ఒక పెద్దావిడ అడిగారు. ఆవిడ ప్లేటులో కోడిపులుసు ఉంది కాని, ఆ మాట అనడం మర్యాద కాదని ఊరుకొన్నాము. ప్రశ్న మాత్రం న్యాయమైనదే. సంపాదకులు "ఆ జవాబేదో మీరే వ్రాసి ఇవ్వండి" అన్నారు. మేము కట్టించుకొన్న రైఫిల్ కథ, అందులోనూ దానికి తూటా ఎంచుకోవడానికి మాకు పట్టిన ఏడాది కథ, ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము అంటే ఆలుమగలం ఇద్దరం. ఒకరిది గిద్దలూరు వైపు, ఒకరిది తెనాలి. కలిసి చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలో. గిద్దలూరు ఇంట్లో తాతగారి నాటి పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకీ ఒకటి ఉండేది. నల్లమల అంచు పొలాలు, వేరుశెనగ మీద అడవిపందులు పడేవి. 1972 వన్యప్రాణి చట్టం తరువాత ఆ తుపాకీ చప్పుడు చేసి బెదరగొట్టడానికే మిగిలింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించడం, అయిపోగానే తెచ్చుకోవడం. తాతగారికి తూటా సంగతిలో సందేహమంటూ ఉండేది కాదట. పిట్టకు సన్న రవ్వలు, పందికి ఎల్.జి. అంతటితో శాస్త్రం సమాప్తం.

పార్సిప్పనీలో అంత తేలిక కాదు. ఇక్కడ జింకలకు కొదవ లేదు. మన వాళ్ళు పెరట్లో వేసుకొన్న గోంగూర, చిక్కుడు వాటికే నైవేద్యం. వాటి వెంట వచ్చే పేలు లైమ్ జ్వరం తెస్తాయి, వేసవి పొడుగునా ఆ రోగులను చూస్తూనే ఉంటాము. కాని న్యూజెర్సీలో జింకను రైఫిల్‌తో వేటాడరాదు. విల్లు గాని, షాట్‌గన్ గాని, గొట్టం మూతిలోంచి మందు దట్టించే తుపాకీ గాని వాడాలి. రైఫిల్ కావాలంటే ఎనభయ్యో నంబరు రోడ్డు పట్టుకొని నలభై మైళ్ళు పడమరకు పోయి, డెలవేర్ నది దాటి పెన్సిల్వేనియాలో అడుగు పెట్టాలి. అక్కడ రైఫిల్ వేట ఎన్నో ఏళ్ళు థాంక్స్‌గివింగ్ తరువాతి సోమవారం మొదలయ్యేది, 2019 నుంచి శనివారానికి మార్చారు. ఆస్పత్రి డ్యూటీల వాళ్ళకు ఆ మార్పు వరమే.

మొదటి ఏడు స్నేహితుడొకరు తన .300 విన్చెస్టర్ మాగ్నమ్ అరువిచ్చారు. "ఇది దుప్పినైనా, ఎలుగునైనా పడేస్తుంది. జింక ఒక లెక్కా?" అన్నారు. రేంజిలో మూడు తూటాలు కాల్చేసరికి భుజం కమిలింది. అదే చాలనుకొని వెళ్ళాము. సాయంత్రం నాలుగు దాటాక ఎనభై గజాల్లో ఒక ఆడజింక ఆగింది. మాలో మీట నొక్కిందెవరో వ్రాయము, అది మా ఇద్దరి లెక్కలోకి వస్తుంది. జింక వీపు గూనిలా వంచి పొదల్లోకి పోయింది. ఆకుల మీద నెత్తురుతోపాటు పచ్చటి పసరు కనిపించింది. ఆ వాసన ఆపరేషన్ థియేటరులో మాకు బాగా తెలిసిన వాసనే. తూటా పొట్టలో తగిలిందన్నమాట. టార్చిలైట్లతో రాత్రి పదింటి దాకా వెతికాము, ఒక వాగు దగ్గర జాడ తెగిపోయింది. మర్నాడు తుపాకీ లేకుండా వెళ్ళి మళ్ళీ వెతికాము. దొరకలేదు. పేగుకు చిల్లు పడిన ప్రాణి ఎన్ని గంటలు, ఎలా బాధపడుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. దారి పొడుగునా కారులో ఒక్క మాట లేదు.

ఇక మానేద్దామనే అనుకొన్నాము. మానేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ససెక్స్ కౌంటీలో తుపాకులు చేసే ముసలాయన ఒకాయన ఉన్నాడని విని, మానేముందు తప్పెక్కడ జరిగిందో తెలుసుకొందామని వెళ్ళాము. ఆయన మా కథ అంతా విని ఏమీ అనలేదు. తన సొంత మాగ్నమ్ తీసి, మాకు కనబడకుండా ఒక్కొక్క తూటా తానే పెట్టి కాల్చమన్నాడు. మూడోసారి పెట్టింది మందు లేని ఉత్త తూటా. మీట నొక్కగానే టిక్కుమంది గాని, గొట్టం మూతి జానెడు కిందికి పోయింది, కళ్ళు మూసుకొన్నాయి. "చూశారా డాక్టర్, తుపాకీ పేలకముందే మీరు పేలారు" అన్నాడు. ఇద్దరిదీ అదే పరిస్థితి. సూది చూడగానే చెయ్యి లాక్కొనే రోగులను రోజూ చూసే మాకు, మా చెయ్యి మాకు తెలియకుండా అదే పని చేస్తోందని తెలియలేదు.

అక్కడి నుంచి ఎంపిక తలకిందులయింది. అంతవరకు "జింకకు ఎంత బలమైనది కావాలి" అని అడుగుతున్నాము. ఆయన "కళ్ళు మూయకుండా మీరు ఎంతవరకు కాల్చగలరు" అని అడిగాడు. ఎనిమిది పౌన్ల రైఫిల్‌లో ఆ మాగ్నమ్ వెనక్కి తన్నే శక్తి 25 అడుగు-పౌన్లు దాటుతుంది. 1906 నుంచి అమెరికా అంతటా చలామణీలో ఉన్న .30-06 ది 20 ప్రాంతం. ఆయన మూల నుంచి తీసిన పాత 7×57 మౌజర్‌ది 14, 15. దానితో అదే పరీక్ష పెట్టాడు. ఉత్త తూటా వచ్చినప్పుడు గొట్టం కదలలేదు.

7×57 పుట్టింది 1892లో, జర్మనీలో. 1898లో క్యూబా గుట్టల మీద స్పానిష్ సైనికులు ఈ తూటాతోనే అమెరికన్లకు ఒళ్ళు మండించారు. ఇంగ్లీషు వాళ్ళు దానికే .275 రిగ్బీ అని పేరు పెట్టుకొన్నారు. చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్ అదే. కాలేజీ హాస్టల్లో పరీక్షల ముందు రాత్రిళ్ళు అనాటమీ పక్కనపెట్టి కార్బెట్‌ను చదివినవాళ్ళం. ఈ ఎంపికలో ఆయన వాటా పావు వంతు ఉందని ఒప్పుకొంటున్నాము. నిక్కచ్చిగా చూస్తే 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ కూడా మెత్తనిదే, పైగా ప్రతి కొట్టులోనూ దొరుకుతుంది. 7×57 కోసం నాలుగు కొట్లు తిరగాలి. ముసలాయన దగ్గరున్న పాత మౌజర్ 98 యాక్షన్ ఈ పొడవు తూటాలకే పుట్టినది కావడంతో త్రాసు ఇటు మొగ్గింది.

తూటా అంటే కొలత ఒక్కటే కాదు, కొనన ఉండే గుండు సంగతీ తేలాలి. దీని మీద మాకు కొంత చర్చ జరిగింది. థైరాయిడ్ శస్త్రచికిత్సకు 1909లో నోబెల్ అందుకొన్న కోకర్, మనం రోజూ చేతబట్టే కోకర్ ఫోర్సెప్స్ ఆయనే, తుపాకీ గాయాల మీద కూడా ప్రయోగాలు చేశాడు. సైనికుడిని తక్కువ చీల్చే గుండు కావాలన్నది ఆయన వాదం. కలకత్తా పక్క డమ్‌డమ్‌లో చేసిన విచ్చుకొనే గుండ్లను 1899 హేగ్ సభ యుద్ధంలో వాడరాదన్నది కూడా ఆ దయతోనే. జింక విషయంలో దయ ఎదురుగా నడుస్తుంది. పెన్సిల్వేనియా నిబంధన ప్రకారం పూర్తి సీసపు గుండు గాని, తగలగానే విచ్చుకొనేది గాని వాడాలి. సైనికుడు బ్రతకాలి, జింక వెంటనే పోవాలి. చట్టాలు రెండూ సరైనవే అని ఒప్పుకోవడానికి మాకు రెండు కాఫీలు పట్టాయి.

మరి సీసమా, రాగా? 2008లో నార్త్ డకోటాలో ఒక వైద్యుడు, పేదలకు దానమిచ్చే జింక మాంసాన్ని ఎక్స్‌రే తీయించి చూస్తే సీసపు తునకలు బయటపడ్డాయి. ఆ మాంసాన్ని పారవేయమని అక్కడి ఆరోగ్యశాఖే చెప్పింది. మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది. పిల్లల రక్తంలో ఇంత సీసం వరకు ఫరవాలేదు అనే హద్దు లేదని మేమే తల్లులకు చెబుతుంటాము. అందుకని రాగి. రాగి తేలిక కనుక అంతే బరువుకు గుండు పొడవవుతుంది, పొడవైన గుండు నిలకడగా పోవాలంటే గొట్టంలోని మెలిక బిగువుగా ఉండాలి. పాత 7×57 గొట్టాల్లో తొమ్మిది అంగుళాల లోపే ఒక చుట్టు తిరుగుతుంది. ఆ మెలికతోనే గొట్టం పెట్టించాము. 140 గ్రెయిన్ల రాగి గుండు ఖాయమయింది.

కర్ర భాగాన్ని ఇద్దరిలో పొట్టివారి చేతి కొలతకు కోయించాము. పొడుగువారు కాస్త ముందుకు వంగి సర్దుకొంటున్నారు. ధర మాత్రం వ్రాయము, ఊళ్ళో మా పెద్దవాళ్ళకు ఈ పత్రిక వెళ్తుంది.

కిందటి శరత్తులో రేంజికి పదకొండుసార్లు వెళ్ళాము. నూటయాభై గజాలు దాటితే కాల్చకూడదని, వెలుతురు తగ్గితే తూటా తీసేయాలని ఇద్దరం ఒప్పందం చేసుకొన్నాము. సీజను మొదటి శనివారం తెల్లవారకముందే నారింజ రంగు చొక్కాలు, టోపీలు తొడుక్కొని కూర్చున్నాము. సాయంత్రం దాకా ఉడతలే. నాలుగున్నరకు ఒక జింక వచ్చింది, వంద గజాలు. కాని ఛాతీకి అడ్డంగా కొమ్మలున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగానే మసక కమ్మింది. మాటా పలుకూ లేకుండా ఒకరు బోల్టు లాగారు, ఒకరు చెయ్యి పట్టి తూటా అందుకొన్నారు.

రైఫిల్ పెట్టెలో పెట్టి, డిక్కీలో వేసి, నలభై మైళ్ళు వెనక్కి వచ్చాము. ఇంటి ముందు కారు దీపాలు పడేసరికి మూడు జింకలు మా గులాబీ కొమ్మలు కొరుకుతూ తల ఎత్తి చూశాయి. హారన్ కొట్టినా కదలలేదు.