రంగు అక్కర లేని తీపి

బెల్లం అందరికీ తెలుసు. అది బెల్లం కావడానికి కొద్ది నిమిషాల ముందు పెనంలో ఎట్లా ఉంటుందో మాత్రం చెరకు పండే పల్లెల వారికి తప్ప ఇతరులకు అంతగా తెలియదు. పొయ్యి మీద మరుగుతున్న చెరకు రసం చిక్కబడి, తేనె వలె జారుతూ, ఇంకా గడ్డకట్టే స్థితికి రాక ముందే దించితే అది చెరకు పానకం. శ్రీరామనవమి నాడు మిరియాలు, ఏలకులు వేసి పంచే బెల్లపు నీళ్ళ పానకం వేరు, ఇది వేరు. మహారాష్ట్రలో దీనిని కాకవి అంటారు. కన్నడిగులు జోని బెల్ల అంటారు. మినప దిబ్బరొట్టెకు దీనిని మించిన జోడు లేదని గోదావరి జిల్లాల వారు వాదిస్తారు. వారితో నాకు పేచీ లేదు. మా వైపు మాత్రం అట్టు మీద పోసుకుంటాము.

మా వైపు అంటే శారదా నది ఒడ్డున, అనకాపల్లి ప్రాంతం. 2022లో అది జిల్లా కేంద్రమైనది గాని, బెల్లం వర్తకులకు ఆ పేరు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే పరిచితం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అది ఒకటి. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1913లో నెలకొన్నది. సంక్రాంతి ముందు మొదలై ఉగాది దాటే వరకు ఆ పరిసర గ్రామాలలో గాలి కూడా తియ్యగా ఉండేదని చెబితే కొత్తవారు అతిశయోక్తి అనుకుంటారు. పొయ్యిల పొగలో కలిసి వచ్చే ఆ కమ్మని వాసన అర మైలు దూరం నుంచే తెలిసేది.

నా చిన్నతనంలో ఇంకా ఎద్దుల గానుగలు ఉండేవి. నిలువుగా బిగించిన మూడు ఇనుప రోలర్ల మధ్యకు గడలు అందిస్తూ ఉంటే, పొడవాటి దూలానికి కట్టిన ఎద్దులు చుట్టూ తిరిగేవి. మా తాతల కాలంలో కొయ్య గానుగలు వాడేవారట. 1870ల దశకంలో బీహారులోని బిహియా అనే చోట థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు దొరలు ఇనుప గానుగను తయారు చేసిన తరువాత, దేశమంతటా కొయ్య గానుగలు క్రమంగా మూలపడ్డాయి. ఎద్దుల గానుగలో 100 కిలోల చెరకుకు 50, 55 కిలోల రసం దిగుతుంది. యంత్రపు గానుగలో 60 దాటుతుంది. ఎంత రసం దిగినా చివరకు దక్కే బెల్లం 10 కిలోలు, కొంచెం అటూ ఇటూ. తక్కినదంతా ఆవిరై పైకి పోవలసినదే. ఆ నీటిని ఆవిరి చేయడానికి వేరే వంట చెరకు కొననక్కర లేదు. ఎండబెట్టిన పిప్పే పొయ్యికి ఆహారం.

కొట్టిన గడను 24 గంటలలోగా ఆడాలని పెద్దలు తొందర పెట్టేవారు. ఇది వట్టి ఆచారం కాదు. గడ నిలువ ఉన్నకొద్దీ అందులోని చక్కెర విడిపోతుంది. అటువంటి రసాన్ని ఎంతసేపు కాచినా బెల్లం గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. ఇక పెనంలోకి వచ్చిన రసానికి చేసే ఉపచారాలు అన్నీ ఇన్నీ కావు. కాస్త సున్నపు తేట వేస్తారు. అది రసంలోని పులుపును విరుస్తుంది. ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. బెండ కాడలు దంచి, నీళ్ళలో నానవేసి పిసికిన జిగురు పోస్తే మలినాలు ఆ జిగురుకు అంటుకొని తెట్టుగా పైకి తేలతాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇదే పనికి దేవ్‌లా అనే చెట్టు బెరడు వాడతారు. తెట్టు తేలినది తేలినట్టు జల్లి గరిటెలతో తీసివేస్తూనే ఉండాలి. రసం పొంగి పొర్లబోతే రెండు చుక్కలు ఆముదం విదిలిస్తే చాలు, పసిపిల్లవాడిని జోకొట్టినట్టు అణగిపోతుంది.

ఇంతవరకు ఎవరైనా చేయవచ్చు. ఆ తరువాతి పని ఒక్కరిది.

ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు, పాకం చూసే వారు. మా పొయ్యి దగ్గరకు వచ్చే పెద్దాయన చూపు అప్పటికే మందగించింది. ఆయన పెనాన్ని కళ్ళతో కాక చెవులతో చూస్తాడని మా నాన్నగారు అనేవారు. పలుచని రసం గలగలమని మరుగుతుంది. చిక్కబడేకొద్దీ బుడగలు పెద్దవై, ఒక్కొక్కటే పొంగి, బరువుగా పగులుతాయి. ఆ చప్పుడు మారగానే ఆయన లేచి నిలబడేవాడు. గరిటెడు పాకం చన్నీళ్ళ గిన్నెలో వేసి, వేళ్ళతో పోగు చేసి, ఉండ కట్టి, ఆ ఉండను పళ్ళెం అంచుకు కొట్టి వినేవాడు. ఉష్ణమాపకంతో కొలిచిన వారు చెప్పే లెక్క ప్రకారం పానకం 105, 106 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సిద్ధమవుతుంది. గట్టి బెల్లానికి 118 డిగ్రీల దాకా పోవాలి. నడుమ ఉన్నది పన్నెండు డిగ్రీలే. అంత పెద్ద పెనం కింద మంట ఎగదోస్తున్నప్పుడు చివరి డిగ్రీలు ఎంత తొందరగా దాటిపోతాయో దగ్గర నిలబడి చూసిన వారికే తెలుసు. ఒక్క నిమిషం ఏమరితే పెనమంతా మాడు వాసన వేస్తుంది, ఆనాటి కూలి, చెరకు, పిప్పి అన్నీ దండగ.

తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అనే మాటలు మన వంటింటివి. అరిసెలు వండే ప్రతి ఇల్లాలూ వాటిని ఎరుగును. కవిత్వంలో కూడా ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మన వారు విభాగించుకున్నారు. అయితే వంటింటి పాకం చెడితే ఒక గిన్నె చెడుతుంది. పొయ్యి దగ్గర చెడితే ఒక కుటుంబపు సంవత్సరం చెడుతుంది. ఆ పెద్దాయనకు కూలితో పాటు ఒక బెల్లం దిమ్మ కూడా ఇచ్చి పంపడంలో ఆశ్చర్యం లేదు.

పానకం అమ్మకానికి కాదు. వారానికి ఒకనాడు, ఇంటి కోసం, పెనం ఇంకా పలుచగా ఉండగానే ఒక బిందెడు తోడేవారు. అందులో మా నాయనమ్మ రెండు నిమ్మకాయలు పిండేది. ఎందుకని అడిగితే ‘అట్లా చేస్తేనే రాయి కట్టదు’ అనేది. నిజమే. పులుపు తగిలిన చక్కెర కొంత విడిపోయి, తక్కినదానిని పలుకు కట్టనివ్వదు. పానకాన్ని వారం పది రోజులు కదపకుండా ఉంచి, మడ్డి అడుక్కు దిగిన తరువాత పైతేటను జాడీలోకి వంచుకోవాలి. దాని బరువులో ఇంచుమించు మూడవ వంతు నీరే గనుక, తడి గరిటె తగిలితే పులిసిపోతుంది. జాడీ ముట్టుకొనే హక్కు ఇంట్లో నాయనమ్మకు ఒక్కతెకే ఉండేది.

ఆ పానకం రంగు ఎట్లా ఉండేదో చెబితే నేటివారు మొహం చిట్లిస్తారు. ముదురు గోధుమ వన్నె. ఏ సంవత్సరమైనా వానలు వెనుకబడి చెరకు దెబ్బ తింటే ఇంకా నలుపు. ఎవరూ పట్టించుకొనేవారు కారు. కాని ఆ పెనంలో మిగిలిన పాకమే దిమ్మలుగా మారి బండి ఎక్కేసరికి, రంగు తప్ప మరొక ప్రశ్న లేదు. మార్కెట్ యార్డులో దిమ్మలు వరుసగా పేర్చి ఉంచుతారు. కొనేవారు నడుస్తూ చూస్తారు. లేత పసుపు దిమ్మకు ఒక ధర, ఎరుపుకు ఒక ధర, నలుపుకు మరొకటి. ‘రంగు సూసి ధర కడతారు బాబూ, నాకి సూసినోడు ఒక్కడూ లేడు’ అని పాకం పెద్దాయన నాతో అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఎండ కాస్తున్నదని చెప్పినట్టుగా చెప్పాడు.

ఆ ధరల తేడా పుట్టించిన విద్యే హైడ్రోస్. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే తెల్లని పొడి అది. చివరి దశలో పెనంలో గుప్పెడు చల్లితే, గోధుమ వన్నె పాకం మన కళ్ళ ముందే బంగారు ఛాయకు తిరుగుతుంది. గంధకం అంశ బెల్లంలో మిగులుతుంది. తమాషా ఏమంటే ఆ ఛాయ నిలవదు. కొన్నాళ్ళు నిలువ ఉంచితే బెల్లం మళ్ళీ నల్లబడుతుంది, కాని అప్పటికి అది రైతు చేతిలో ఉండదు. నల్ల బెల్లానికి మరొక చిక్కు కూడా వచ్చిపడింది. అది నాటుసారా బట్టీలకు పోతుందన్న అనుమానంతో అధికారులు దాని మీద కన్నేశారు. మేడారం జాతరలో అమ్మవార్లకు నిలువెత్తు తూకం వేసి సమర్పించే బెల్లాన్ని భక్తులు బంగారం అనే పిలుస్తారు. అదే పదార్థం ఒళ్ళు నల్లగా ఉన్న పాపానికి దొంగసరుకు వలె చూడబడింది.

నల్లనిదంతా మంచిదనడం మరొక మూఢనమ్మకం. తెట్టు సరిగా తీయకపోయినా, సున్నం మితిమీరినా, పాకం మాడినా బెల్లం నల్లబడుతుంది. చవుడు నేలలో పండిన చెరకు బెల్లం నల్లగానూ, ఉప్పగానూ ఉంటుంది. మరి మంచి నేలలో పండిన మంచి రకం చెరకును శుభ్రంగా వండితే, ఏ పొడీ చల్లకుండానే తేనె ఛాయ బెల్లం వస్తుంది. అందువల్ల రంగు ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఏమి చెబుతున్నదో తెలుసుకోవడానికి ఒక పలుకు నోట్లో వేసుకోవాలి, అంతే. మంచి బెల్లం నాలుక మీద కరిగిపోయిన తరువాత కూడా చెరకు వాసన కొంతసేపు ఉంటుంది. హైడ్రోస్ వేసిన దానిలో తీపి ఉంటుంది, ఆ వాసన ఉండదు.

రైతును తప్పు పట్టడం తేలిక. పెట్టుబడికి తెచ్చిన అప్పు ఉన్నవాడు పసుపు దిమ్మ ధరను వదులుకోలేడు. నాకు బాధ కలిగించినది మరొకటి. మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా క్రమంగా అమ్మే బెల్లం వేరు, తినే బెల్లం వేరు అయినది. పొడి చల్లక ముందే ఇంటికి కావలసినది తీసి పక్కన పెట్టేవారు. ఏళ్ళ తరబడి ఇట్లా జరిగితే పాకం చూసేవాడి చెవికీ, వేళ్ళకూ విలువ ఏముంటుంది? పొడి అన్ని లోపాలనూ కప్పుతుంది. ఆ పెద్దాయన కొడుకులు ఎవరూ పెనం దగ్గరకు రాలేదు. చెరకు వేసిన చేలల్లో ఇప్పుడు సరుగుడు తోటలు కనిపిస్తున్నవి. అట్లా వెనుకబడిన పల్లెలలో సైతం, పొడి పడని తీపి ఏదైనా మిగిలి ఉన్నదంటే అది ఇంటి పానకమే. దానికి ఖరీదు కట్టేవారు లేరు గనుక రంగు అవసరమూ రాలేదు.

ఈమధ్య పానకం కూడా సీసాలలో అమ్మకానికి వస్తున్నది. పట్నాలలోని సేంద్రియ దుకాణాలలో తేనె పక్కనే పెడుతున్నారు. పల్లె వారికి నాలుగు డబ్బులు వస్తాయి గనుక సంతోషించాను. మొన్న ఒక దుకాణంలో ఒకామె రెండు సీసాలు తీసి, కిటికీ వైపు ఎత్తి పట్టుకొని, వెలుతురులో కొంతసేపు పోల్చి చూసి, లేత రంగు దానిని బుట్టలో వేసుకున్నది.